నీకు తెలిసేలోపే

కాకినాడ

చిరంజీవి సౌభాగ్యవతి మనవరాలికి,



మొన్న ఆదివారం ఫోన్‌లో వచ్చే ఏడాదికి బిడ్డని కనాలనుకుంటున్నామని చెప్పావు. ఆ సంతోషం నుంచి నేనింకా తేరుకోకముందే, "ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇప్పటినుంచీ ఎందుకమ్మమ్మా, నెల తప్పాక డాక్టర్ చెబితే మొదలుపెడతాను" అన్నావు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి ఇంకో మాట అడిగావు. "తాతయ్య జబ్బు నాకొస్తుందా? నా బిడ్డకొస్తుందా?" అని. నేను ఏమీ చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని, న్యూరాన్ బొమ్మ కళ్ళు మూసుకుని బోర్డు మీద వెయ్యగలను, కానీ ఆ ప్రశ్న నీ నోట వినేసరికి మాట పెగల్లేదు.

ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది, నీ మాత్రల సంగతీ తాతయ్య సంగతీ వేరువేరు కావని. మెదడు తన పెద్దపెద్ద పనులు మనకి కబురు పెట్టి చెయ్యదు. కట్టుకునేటప్పుడూ అంతే, కూలిపోయేటప్పుడూ అంతే. మనకి తెలిసేసరికి చాలా జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు బిడ్డ సంగతి. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపువైపు పలుచని పలకలాంటిది ఏర్పడుతుంది. తమలపాకు అంచులు రెండూ దగ్గరికి తెచ్చి చుట్టినట్టు ఆ పలక అంచులు పైకి లేచి కలుసుకుని గొట్టం అవుతాయి. అదే నాడీనాళం. దాని పైభాగం మెదడు అవుతుంది, కింది భాగం వెన్నుపాము. ఇరవై ఎనిమిదో రోజుకల్లా అది రెండు కొసలా మూసుకోవాలి. ఇప్పుడు నువ్వే లెక్క వెయ్యి. నెల తప్పిందని నువ్వు గమనించేసరికి గర్భం నిలిచి రెండు వారాలు దాటుతుంది. ఇంట్లో పరీక్ష చేసుకుని, నమ్మకం కుదిరి, మీ ఊళ్ళో డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ నాళం మూసుకుపోయి ఉంటుంది. లేదా మూసుకోవలసిన చోట తెరుచుకునే ఉండిపోతుంది. పై కొస మూసుకోకపోతే మెదడులో చాలా భాగం, పుర్రె ఏర్పడవు, ఆ బిడ్డ దక్కదు. కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా అంటారు. కాళ్ళు చచ్చుబడవచ్చు, మూత్రం మీద అదుపు లేకపోవచ్చు.

బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో చేసిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి, మళ్ళీ గర్భం రాకముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఆ రోజుల్లో నేను పాఠం మధ్యలో ఆపి మరీ ఆ సంగతి ఆడపిల్లలకి చెప్పాను. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనా ఆ జబ్బుతో బాధపడ్డారు. 1948లో ఆయన పోయేనాటికి, ఆ మాత్ర ఇంకా పుట్టని పిల్లల మెదడునీ వెన్నునీ కాపాడుతుందని ఎవరికీ తెలియదు.

కాబట్టి నెల తప్పేదాకా ఆగకు. రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందునుంచీ, మొదటి మూడు నెలలూ. మూర్ఛకి మందులు వాడేవాళ్ళకీ, ఇదివరకు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకీ మోతాదు ఎక్కువ ఉంటుంది, నీకు ఆ సమస్య లేదు. అయినా మీ డాక్టర్‌తో ఒక మాట అను. మీరుండే అమెరికాలో 1998 నుంచి గోధుమ పిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలుపుతున్నారని నువ్వు అనవచ్చు. నిజమే. కానీ మీరు ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చుకునే సోనామసూరి బియ్యంలో సాధారణంగా అది కలపరు. తోటకూర, పాలకూర, పెసలు తిను, మంచిదే. వాటి మీదే భారం వెయ్యకు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. నువ్వు వీడియో కాల్‌లో వంటిల్లు చూపించినప్పుడు గులాబీ రంగు ఉప్పు సీసా చూశాను. చూడ్డానికి బావుంది, కానీ అందులో సాధారణంగా అయోడిన్ కలపరు. మొదటి మూడు నెలలూ బిడ్డ తన థైరాయిడ్ హార్మోన్ తాను చేసుకోలేదు, నీ హార్మోన్ మీదే బతుకుతుంది. అయోడిన్ లేక ఆ హార్మోన్ చాలకపోతే నాడీకణాలు వెళ్ళవలసిన చోటికి సరిగ్గా వెళ్ళవు, కొమ్మలు వెయ్యవు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అక్కడి ఊళ్ళలో అయోడిన్ చాలక వచ్చే గొంతువాపు లేని ఇల్లు అరుదు. కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్ళు చూశారు. అయోడిన్ అందిన చోట గొంతువాపులు బాగా తగ్గిపోయాయి. మన దేశమంతా అయోడిన్ ఉప్పు తినడానికి పునాది అదే. పసిమెదళ్ళకి జరిగే నష్టాల్లో, మనం ఆపగలిగినవాటిలో అయోడిన్ లోపమే అన్నిటికంటే పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గులాబీ ఉప్పు పక్కన పెట్టి, అయోడైజ్డ్ అని రాసి ఉన్న మామూలు ఉప్పు తెచ్చుకో. థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా ఇప్పుడే చేయించుకో.

నాడీకణాలు వెళ్ళవలసిన చోటు అన్నాను కదా. చిన్నప్పుడు మా పొలంలో ఊడ్పులు చూశావు, గుర్తుందా? నారుమడిలో మొలిచిన మొక్క అక్కడే పెరగదు, పీకి తెచ్చి వేరే మడిలో నాటితేనే బాగా కంకి వేస్తుంది. మెదడులో కూడా న్యూరాన్ పుట్టేది లోపలి గదుల గోడల దగ్గర. అక్కడినుంచి గ్లియా కణాల పొడవాటి పోగులు పట్టుకుని పైకి పాకుతూ తన పొరకి చేరుతుంది. ఆలస్యంగా పుట్టినది ముందు చేరినవాటిని దాటుకుని ఇంకా పైకి వెళ్ళి కూర్చుంటుంది. పెద్ద మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి, వాటిలో మెదడు పైపొరల్లోవి దాదాపు అన్నీ అమ్మ కడుపులోనే పుట్టినవి. అవసరానికి మించి పుట్టి, కలవవలసిన కణంతో జత కుదరనివి ఎండిపోతాయి. నీ కడుపులో ఇదంతా జరుగుతున్న నెలల్లో నీకు తెలిసేది వేవిళ్ళు మాత్రమే.

పుట్టాక కథ మారుతుంది. అక్కడినుంచి నీ మాటే మడికి నీరు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవాళ్ళు 1984లో ఒక ప్రయోగం ప్రచురించారు. హిందీలోని 'త', 'ట' శబ్దాలు ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసిపిల్లలకి వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా చక్కగా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలకి వచ్చేసరికి అదే ఇళ్ళలోని పిల్లలు పట్టుకోలేకపోయారు. చెవులు పాడైపోలేదు. ఇంట్లో ఎవరూ వాడని తేడాని లెక్కపెట్టడం మెదడు మానేసింది, అంతే. 'కోట' వేరు, 'కోత' వేరు అని మనకి ఇంత సులువుగా వినపడుతోందంటే, మనం పాకడం నేర్చుకునే రోజుల్లో ఆ శబ్దాలతో ఎవరో మనల్ని ముద్దు చేశారు కాబట్టే.

ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం. సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా మాండరిన్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాష శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. కాబట్టి ఫోన్‌లో తెలుగు పాటలు పెట్టి బిడ్డ ముందు ఉంచితే తెలుగు వస్తుందని అనుకోకు. ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, స్నానం చేయిస్తూ, తల దువ్వుతూ మాట్లాడు. మీ ఆయన్ని కూడా తెలుగులోనే మాట్లాడమను. ఇంగ్లీషు బడిలో ఎలాగూ వస్తుంది. ఆ మొదటి ఏడాది మాత్రం మళ్ళీ రాదు. నన్ను రమ్మంటే ఆర్నెల్లు వచ్చి కూర్చుంటాను.

ఇక తాతయ్య సంగతి.

ఆయన చెయ్యి వణకడం మనందరం చూసింది 2014లో, నీ డిగ్రీ మొదటి ఏడాది. కానీ ఆయన పోయాక బీరువా సర్దుతుంటే ఇంటి పద్దుల పుస్తకాలు దొరికాయి. ఒక్కొక్క ఏడాదీ తిరగేస్తూ కూర్చున్నాను. గుండ్రంగా ముత్యాల్లా ఉండే ఆయన అక్షరాలు వణుకు రావడానికి మూడేళ్ళ ముందునుంచే చిన్నవి కావడం మొదలైంది. లైను మొదట్లో ఒక మాదిరిగా ఉండి, చివరికి చీమల బారులా అయిపోయేవి. అంతకు ఎంతో ముందే పోపులో ఇంగువ వేశానా అని రోజూ అడిగేవారు. ఇంగువ ఇల్లంతా ఘుమఘుమలాడుతుండేది. నిద్రలో కేకలు వేసి కాళ్ళు విసిరేవారు, ఒక రాత్రి మంచం మీదనుంచి పడ్డారు. పార్కిన్సన్స్ జబ్బుకి ముందుగా వచ్చే జాడలే ఇవి. మేము మొదట చూపించిన డాక్టర్ వయసన్నారు, నేనూ అవునేమో అనుకున్నాను. పిల్లలకి డోపమైన్ గురించి పాఠం చెప్పి ఇంటికి వచ్చి, ఆయన కంచంలో ఇంగువ పోపు వేసేదాన్ని. ఆ బాధ నాకు పోదు.

నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అని ఒక చిన్న చోటు ఉంది. ఆ పేరుకి నల్లని పదార్థం అని అర్థం. అక్కడి కణాలు డోపమైన్ చేస్తాయి. వాటిలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దకట్టి, కణాలు ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పోతాయి. చెయ్యి వణికేనాటికి సుమారు సగం పోయి ఉంటాయి. మిగిలినవి రెట్టింపు పనిచేసి అంతకాలం ఇంటిని నిలబెడతాయి, అందుకే బయటికి తెలియదు.

ఆయన వేసుకున్న లీవోడోపా మాత్రకి మన గడ్డతో సంబంధం ఉంది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకి రెసర్పిన్ ఇచ్చారు. అది మన సర్పగంధ వేరులోనిది. కుందేళ్ళు చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. అప్పుడు డోపా ఇస్తే కాసేపట్లోనే లేచి తిరిగాయి. 2000లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. అదే డోపా మన దూలగొండి గింజల్లో సహజంగా ఉంటుంది. ఆ మాట విని పక్కింటివాళ్ళు పొడి తెచ్చి ఇచ్చారు, నేను వాడనివ్వలేదు. ఏ గింజలో ఎంత ఉందో తెలియకుండా మాత్రతో కలిపితే ప్రమాదం. మాత్ర కూడా పప్పన్నంతో వేస్తే సరిగ్గా ఎక్కదు, ప్రొటీన్ దానికి అడ్డు పడుతుంది. అందుకే భోజనానికి అరగంట ముందు గడియారం చూసి వేసేదాన్ని.

చివరి రెండేళ్ళూ గుమ్మాల దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. పడకగదినుంచి వసారా దాకా అడుగుకొక గీత చొప్పున ముగ్గుపిండితో అడ్డగీతలు వేశాను. గీత కనపడగానే దాని మీదుగా కాలు ఎత్తి వేసేవారు, మళ్ళీ ఇంకో గీత, మళ్ళీ అడుగు. తనంతట తాను అడుగు మొదలుపెట్టమనే ఆజ్ఞ రావలసిన వలయంలో డోపమైన్ లేదు. కంటి ముందు గీత ఉంటే, చూపునీ కదలికనీ కలిపే ఇంకో దారి ఆ పని అందుకుంటుంది. నా ముప్పై ఏళ్ళ పాఠాల్లో మెదడు ఎలా పనిచేస్తుందో నాకు అంత బాగా ఎన్నడూ తెలియలేదు. తరవాత ముగ్గు చెరిగిపోతోందని తెల్ల పెయింట్ వేయించాను. ఆ గీతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, చెరిపించడానికి చేతులు రాలేదు.

నీ ప్రశ్నకి జవాబు: ఈ జబ్బు చాలామందిలో తల్లిదండ్రులనుంచి నేరుగా వచ్చేది కాదు. ఇంట్లో ఒకరికి ఉంటే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతకు మించి లేదు. మా ఇద్దరి వైపులా ఇంకెవరికీ రాలేదు. ఆ భయంతో బిడ్డని కనడం వాయిదా వెయ్యవద్దు. నీ వంతు నువ్వు చెయ్యి. రోజూ చెమట పట్టేలా నడు, నిద్ర పాడుచేసుకోకు, రక్తపోటు చూపించుకుంటూ ఉండు. తాతయ్యది వేరే జబ్బే అయినా, మతిమరుపు జబ్బుల మీద 2024లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదికలో, మనం మార్చుకోగల 14 కారణాలని సరిదిద్దుకుంటే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు అన్నారు. అందులో వినికిడి లోపం ఒకటి. మీ అమ్మకి కుడిచెవి సరిగ్గా వినపడటం లేదు, టీవీ గట్టిగా పెడుతోంది. మిషన్ పెట్టించుకోమని నేను చెబితే వినడం లేదు. నీ మాట వింటుంది, ఈ వారమే చెప్పు.

రేపు ఆఫీసునుంచి వచ్చేటప్పుడు ఫార్మసీలో ఆగి ఫోలిక్ యాసిడ్ సీసా కొనుక్కో. మొదటి మాత్ర వేసుకున్నాక సీసా ఫొటో తీసి నాకు పంపు. నేను చూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ