అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదా?

నూజివీడు ప్రాంతపు మామిడి రైతు ఇంట పుట్టినవాడికి సరుకు తిరగ్గొట్టడమంటే కొత్తగా చెప్పనక్కరలేదు. నున్న మార్కెట్టుకు కాయ తోలితే మచ్చ ఉందనీ, పరువు రాలేదనీ పక్కకు తీసేస్తారు, తరుగు కోస్తారు. నాన్న దానికి ఎదురు చెప్పగా నేను చూడలేదు. మరి మనం కొన్న సరుకులోనే లోపముంటే? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఒక బూట్ల కొట్టులో దొరికింది. విద్యార్థి మిత్రులకు పనికివస్తుందని రాస్తున్నాను.

కిందటేడు కాయల డబ్బు చేతికొచ్చాక, ల్యాబులోకి వేసుకునేందుకు నాన్న నాకు 1,250 రూపాయలు పెట్టి బూట్లు కొన్నారు. తాను మాత్రం పాత చెప్పులకే పట్టీ వేయించుకున్నారు. పద్దెనిమిదో రోజున ప్రాక్టికల్సు జరుగుతుండగా కుడికాలి సోలు పెచ్చులుగా రాలింది. ల్యాబంతా నవ్వులే.

కొట్టుకు పట్టుకెళితే యజమాని, “తోటలో నీళ్లల్లో తిరిగుంటావు బాబూ, బూట్లేం చేస్తాయి?” అన్నాడు. గోడమీది బోర్డు చూపించాడు: “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.” ఇంటికొచ్చి చెబితే నాన్న, “పోనీలేరా, వాళ్లతో మనకెందుకు గొడవ” అన్నారు. బూట్లు పోయినదానికంటె ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ముందు సైన్సు సంగతి చూద్దాం. ఆ సోలు పాలీయురెథేన్‌తో చేసినది. ఈ పదార్థంలో పాలియెస్టర్ రకానికి తేమ పడదు. గాలిలోని నీటి అణువులు ఎస్టర్ బంధాలను మెల్లమెల్లగా తెంచుతాయి. దీనినే జలవిశ్లేషణ అంటాము. ఏళ్ల తరబడి నిలవ ఉన్న బూటు, ఒక్కనాడూ తొడగకపోయినా, లోలోపల బలం పోయి, నడక మొదలవగానే రాలిపోవచ్చు. అనుమానం వచ్చి అట్టపెట్టె తిప్పి చూశాను. దానిమీద తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉన్నాయి. బూట్లు నాలుగేళ్లనాటివి! బాగానే ఉందనుకున్న ఎడమకాలి సోలు కూడా గోటితో గీస్తే పొడి రాలింది.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణకు 1986లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జులై 20 నుంచి అమలులో ఉంది. బిల్లు ఇవ్వకపోవడము, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజులలో, వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వననడము – ఈ రెండూ అక్రమ వ్యాపార పద్ధతులేనని అందులో స్పష్టంగా ఉంది. కనుక లోపమున్న సరుకు విషయంలో గోడమీది బోర్డు చెల్లదు.

ఇదేదో పట్నంవాళ్ల చట్టమనుకోకండి. మన ఆంధ్రప్రదేశ్ రైతులు నాసి విత్తనాలపై జాతీయ విత్తన సంస్థతో పోరాడి 2012లో సుప్రీంకోర్టులో గెలిచారు. రైతు కూడా వినియోగదారుడేనని, విత్తనమంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించరాదని కోర్టు చెప్పింది. విత్తనం భూమిలో కలిసిపోతుంది, బూటు మన చేతిలోనే ఉంటుంది. అందుకే దాన్ని జాగ్రత్త చేసుకోవాలి.

నేను చేసినది ఇదీ:

1. బూట్లు తొడగడం మానేశాను. చెప్పులు కుట్టే అతనిచేత అతికించలేదు, అతికిస్తే సాక్ష్యం పోతుంది.

2. బిల్లు, పెట్టె, రాలిన పెచ్చులు ఒక సంచిలో భద్రపరచి, అన్నిటికీ ఫొటోలు తీశాను.

3. కొన్న తేదీ, పాడైన తేదీ, తయారైన నెల రాసి, 15 రోజులలో డబ్బు ఇవ్వకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతానని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఒక్క దురుసు మాట రాయలేదు. నకలు దాచుకున్నాను.

పన్నెండో రోజున కొట్టు నుంచి కబురొచ్చింది. “ఇంకో జత తీసుకుపో” అన్నాడాయన. అదే సరుకులోది వద్దన్నాను. “కంపెనీవాడు పాత సరుకు అంటగడితే నేనేం చెయ్యను?” అన్నాడు. “మీరు వాళ్లనడగండి. నేను మిమ్మల్నే కదండీ అడగాలి, నా డబ్బు తీసుకున్నది మీరు” అన్నాను. కాసేపు ఊరుకుని 1,250 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇవ్వకపోతే? 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. రెండేళ్లలోపు, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మనం చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటనంతవరకు రుసుము లేదు, వకీలు ఉండితీరాలని కూడా లేదు.

మిత్రులారా, అడగడం గొడవ కాదు. కాయలో మచ్చ చూపించి తరుగు కోసేవాడు సిగ్గుపడడు కదా, మనమెందుకు సిగ్గుపడాలి?

ఈ ఏడు తోటకు పురుగుమందు కొన్నప్పుడు నాన్న కొట్టు దగ్గర నిలబడి మరీ బిల్లు రాయించుకున్నారు. ఇంటికొచ్చి దాన్ని మడిచి, ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టారు. నన్నేమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు.

– బి.యస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి