పలకని విమానం - ప్రతిధ్వని చెప్పిన దారి

పిల్లలూ! మన దజీజ్ పక్కనే కువైట్ విమానాశ్రయం. విమానం మోత వినబడితే చాలు, మీ చూపులన్నీ కిటికీ వైపే! అందుకే ఈసారి విమానాల గురించే చెప్పుకుందాం. ఆకాశంలో విమానం ఎక్కడుందో కిందివారికి ఎలా తెలుస్తుంది?

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మేము తరగతిలో హాజరు పిలిచినట్టు. నేల మీది రాడార్ రేడియో తరంగంతో "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ తన గుర్తు సంఖ్య, ఎత్తు చెబుతుంది.

రెండోది, బావిలోకి కేక వేసినట్టు. తరంగం విమానానికి తగిలి తిరిగి వస్తుంది. విమానం పలకకపోయినా ప్రతిధ్వని వస్తుంది. శత్రువు పిలిస్తే పలకడు కదా! అందుకే సైన్యానికి ఈ రాడార్ ముఖ్యం.

తరంగం వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. వెళ్లి రావడానికి సెకనులో వెయ్యో వంతు పడితే అది తిరిగిన దూరం 300 కిలోమీటర్లు. అంటే విమానం 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు.

ఇప్పుడు ఒక నిజమైన సంగతి. 2014 మార్చి 8న, అర్ధరాత్రి దాటాక 12.42కు మలేషియా ఎయిర్‌లైన్స్ ఎం.హెచ్. 370 విమానం 239 మందితో కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయలుదేరింది. వారిలో ఐదుగురు భారతీయులు. 1.21కి ట్రాన్స్‌పాండర్ మూగబోయింది. అప్పుడు విమానం దక్షిణ చైనా సముద్రం మీద ఉంది గనుక అక్కడ వెతకసాగారు.

కాని సైన్యం రాడార్‌లో ఒక చుక్క నమోదైంది. అది వెనక్కి తిరిగి, మలేషియా భూభాగం దాటి, పెనాంగ్ పక్కగా మలక్కా జలసంధి మీదుగా అండమాన్ సముద్రం వైపు సాగింది. 2.22కు కనుమరుగైంది. ప్రతిధ్వనికి పేరుండదు. ఆ రాత్రి దాన్ని ముప్పులేని విమానం అనుకుని ఊరుకున్నారు. అది ఎం.హెచ్. 370 అని మలేషియా ప్రధాని ప్రకటించింది మార్చి 15న. అప్పుడు గాని దక్షిణ చైనా సముద్రంలో గాలింపు ఆగలేదు.

ఉదయం 8.19 వరకు ఉపగ్రహానికి అందిన సంకేతాలను బట్టి విమానం దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్లిందని లెక్కకట్టారు. 2015 జులైలో రీయూనియన్ దీవి ఒడ్డున రెక్క భాగమొకటి దొరికింది. 2017 జనవరి వరకు 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం గాలించినా విమానం మాత్రం దొరకలేదు.

ఊరి నుంచి వచ్చే అమ్మమ్మ విమానం గంట ఆలస్యమైతేనే మనం కంగారు పడతాం. ఆ కుటుంబాలకు ఆ వారం ఎలా గడిచిందో ఆలోచించండి. యంత్రం చూస్తే చాలదు, పిల్లలూ. చూసినదాన్ని మనిషి గుర్తుపట్టాలి, వెంటనే చెప్పాలి.

ఇంటిపని: తరంగం వెళ్లి రావడానికి సెకనులో వెయ్యో వంతుకు రెండింతలు పడితే విమానం ఎంత దూరంలో ఉంది?