పిల్లల్ని గ్రౌండు దాటి పోనివ్వకండి

పీఈటీగా రిటైరయ్యాక కూడా నా సాయంత్రాలు హైస్కూలు గ్రౌండులోనే గడుస్తున్నాయి. ట్రాన్స్‌జెండర్ పిల్లలు కొందరు నా దగ్గర ఆడారు, ఇప్పటికీ ఆడుతున్నారు. వాళ్ల వల్ల నాకు తెలిసినవి కుర్ర పీఈటీల కోసం, యూత్ క్లబ్బుల వాళ్ల కోసం రాస్తున్నాను.

1. ఈ పిల్లలు ఆట రాక మానేయరు. బట్టలు మార్చుకునే చోట, బాత్రూము దగ్గర, హాజరు పిలిచేటప్పుడు మానేస్తారు. లోపల గడియ పడే గది ఒకటి చూపించండి. రికార్డులో ఏమున్నా, బిడ్డ కోరిన పేరుతో పిలవండి. ఆ పేరు ఇంట్లో తెలుసో లేదో ముందే అడిగి ఉంచుకోండి. తండ్రి ఎదుట మీరు నోరు జారితే ఆ రాత్రి దెబ్బలు తినేది మీరు కాదు.

2. మొదట ఖోఖో ఆడించండి. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తరిమేవాడు వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అనాలి. తట్టకపోతే ఆట సాగదు. బస్సులో పక్క సీటు ఖాళీగా వదిలేసే మనుషుల మధ్య పెరిగిన పిల్ల ఒకతి నా దగ్గర కొత్తగా చేరింది. మొదటి ఖో పడగానే ఉలిక్కిపడి, లేవకుండా వెనక్కి తిరిగి చూసింది. “లేవే, పారిపోతున్నారు!” అని జట్టంతా కేకలు పెట్టింది. లేచి పరిగెత్తింది. నేను చేసిన ఏ ఉపన్యాసమూ అంత పని చేయలేదు.

3. అబ్బాయిగా బతకాలనుకునే పిల్లలు కొందరు ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుని పరుగుకు వస్తారు. ఊపిరి ఆడదు, పక్కటెముకలు దెబ్బతింటాయి. అందరిముందూ అడగకుండా పక్కకు పిలిచి చెప్పండి. స్పోర్ట్స్ బ్రా, పైన వదులు టీషర్టు చాలు. జట్టంతటికీ వదులు జెర్సీలే కుట్టిస్తే ఎవరూ వేరుగా కనబడరు. హార్మోన్ల సంగతి మాత్రం డాక్టరుకే వదిలేయండి.

4. గోడెక్కి ‘ఆడంగి’ అని అరిచేవాళ్లను మొదటిసారే దింపి పంపించండి. మాస్టారు ఊరుకుంటే అది అనొచ్చని జట్టు అనుకుంటుంది.

5. పెద్ద పోటీల తగాదాను వీధి ఆటలోకి తేకండి. యుక్తవయసులో మగ శరీర మార్పులు వచ్చిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళల పోటీల్లో పాల్గొనరాదని వరల్డ్ అథ్లెటిక్స్ 2023లో నిర్ణయించింది. అది పతకాల లెక్క. మన గ్రౌండులో పిల్లలు ఆరోగ్యానికి, స్నేహానికి ఆడుతున్నారు. ఆడపిల్లల దేహాలను శంకించడం మొదలైతే ఎక్కడిదాకా పోతుందో రన్నర్ శాంతి సౌందరాజన్‌ను చూస్తే తెలుస్తుంది. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు, ఆడపిల్లగానే పెరిగింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వచ్చిన రజతాన్ని లింగ పరీక్ష పేరుతో లాగేసుకున్నారు. మరో రన్నర్ ద్యుతీ చంద్‌నూ అదే శంకతో 2014లో జట్టు నుంచి తప్పించారు. కానీ ఆమె పక్కన నిలబడి పోరాడినవాళ్లున్నారు, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ శిక్షణ ఉంది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. పక్కన మనిషి ఉండటం అంత తేడా చేస్తుంది.

6. ఆట కూడు పెడుతుందా అని తల్లులు అడుగుతారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపిక జరిగింది. ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షల్లో రాణించి నెగ్గారు. 39 మంది యూనిఫాం వేసుకున్నారు. ఆ వార్త కాగితం నా సంచిలోనే ఉంటుంది, ఏ తల్లి వచ్చినా తీసి చూపిస్తాను.

7. బడి టోర్నమెంట్ల ఫారాల్లో బాలురు, బాలికలు అని రెండే గడులు. వాటిని మనం మార్చలేం. సంక్రాంతి వాలీబాల్ పోటీల రూల్సు మాత్రం ఊరి కమిటీ చేతిలోనే ఉంటాయి. అందరూ కలిసి ఆడే విభాగం ఒకటి పెట్టమని అడగండి. అడిగేదేదో కరపత్రం అచ్చుకు వెళ్లకముందే అడగాలి. తర్వాతైతే “వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ” అంటారు. ఇంట్లో తన్నులు తింటున్న పదిహేడేళ్ల పిల్ల వచ్చే ఏడు దాకా ఊళ్లో ఉండదు, సికింద్రాబాద్ రైలెక్కేస్తుంది.