చంద్రుణ్ణి సగం చేసేది భూమి నీడ కాదు



ఎనిమిదో తరగతి యూనిట్ టెస్టులో "చంద్రుడు రోజుకో ఆకారంలో ఎందుకు కనిపిస్తాడు?" అని అడిగాం. "భూమి నీడ పడటం వల్ల" అని రాసిన పిల్లలు చాలామంది. మార్కు పోయిందని ఒక అమ్మగారు డైరీలో రాసి పంపారు: "ఇంట్లో మేమే అలా చెప్పాం మేడమ్, అందులో తప్పేంటి?" అడిగి మంచి పని చేశారు. నేనూ డిగ్రీకి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు వైపే పడుతుంది. చంద్రుడు ఆ వైపుకు వచ్చేది పున్నమి నాడే. 2025 సెప్టెంబర్ 7 రాత్రి మనం డాబాల మీద నుంచి చూసిన ఎర్రటి చంద్రుడు అలా నీడలోకి వెళ్లినవాడే. దాన్ని గ్రహణం అంటాం. అష్టమి నాడు చంద్రుడు పక్కకు ఉంటాడు, ఆ నీడ అతని దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా సగమే కనిపిస్తాడు కదా!

అసలు సంగతి ఇది. గ్రహణ సమయం తప్ప, సూర్యకాంతి చంద్రుడిలో ఒక సగాన్ని ఎప్పుడూ వెలిగిస్తూనే ఉంటుంది, అమావాస్య నాడు కూడా. భూమి చుట్టూ తిరిగే చంద్రుణ్ణి మనం రోజుకో కోణం నుంచి చూస్తాం. వెలిగిన సగంలో ఎంత మనవైపు తిరిగి ఉంటే అంతే మనకు కనిపిస్తుంది.

దీనికి మంచి పాఠ్యపుస్తకం మన ఇంట్లోనే మేకుకు వేలాడుతోంది. పంచాంగంలో తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. 30 తిథులకు 360 డిగ్రీలు, అంటే దాదాపు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వినాయక చవితి శుద్ధ చవితి: చీకటి పడుతుండగా పడమట సన్నని నెలవంక. (చూడొద్దంటారు, కానీ ఎక్కడుంటాడో చెప్పడం తప్పు కాదుగా!) సంకటహర చవితి బహుళ చవితి: ఉపవాసం ఉన్నవాళ్లు రాత్రి తొమ్మిది అటూఇటుగా తూర్పున చంద్రోదయం కోసం ఎదురుచూస్తారు. అప్పుడు వచ్చే చంద్రుడు ముప్పావుకు పైనే వెలిగి ఉంటాడు. పేరు ఒకటే చవితి, కానీ ఒకటి అమావాస్య దాటాక, ఇంకొకటి పున్నమి దాటాక. మన బతుకమ్మ కూడా అంతే. ఎంగిలిపూల నాడు అమావాస్య, ఆకాశంలో చంద్రుడే ఉండడు. సద్దుల నాటికి ఆడుకునే వేళకు దక్షిణాన సగం చంద్రుడు.

మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఎక్కువసార్లు నీడకు పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు. సూర్యగ్రహణానికీ ఇదే లెక్క. 1980 ఫిబ్రవరి 16 అమావాస్య నాడు ముగ్గురూ సరిగ్గా ఒకే వరుసలోకి వచ్చారు. మన పక్కనున్న ఉస్మానియా యూనివర్సిటీ వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర పట్టపగలే చీకటి పడింది. అమ్మమ్మ, తాతయ్యలను అడగండి, ఆ రోజు కబుర్లు చెబుతారు.

ఇప్పుడు మీ పని. శుద్ధ అష్టమి సాయంత్రం నాలుగింటికి, ఎండ పడే డాబా మీదకు పిల్లలతో వెళ్లండి. తూర్పు వైపు ఆకాశంలో తెల్లగా సగం చంద్రుడు ఉంటాడు. ఒక నిమ్మకాయను చేయి చాచి అతని పక్కనే కనిపించేలా పట్టుకోండి. టేబుల్ టెన్నిస్ బంతి ఉంటే ఇంకా బాగుంటుంది. నిమ్మకాయలో ఏ వైపు వెలుగుతోందో, చంద్రుడిలోనూ అదే వైపు వెలుగుతుంటుంది. నిమ్మకాయ మీద ఏ భూమి నీడా పడలేదని పిల్లలే చెప్పేస్తారు. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడనివ్వకండి.

టెస్టులో పోయిన మార్కు తిరిగి ఇవ్వలేను. కానీ ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి, తేదీ, టైమ్ రాసి తెచ్చినవాళ్లకు ప్రాజెక్టు మార్కుల్లో కలుపుతాను.