చీనాదేశపు జేడుపని

గత మాసమున మేము తరగతిలో చీనాదేశపు ప్రాచీనాభరణముల చిత్రపటములను జూపుచుండగా నొక బాలుడు లేచి, "అయ్యా, ఇంత సన్నని పనిని ఏ యులితో జెక్కిరండీ?" అని యడిగెను. ఏ యులితోను గాదని మేము చెప్పగా వాడు నమ్మలేదు. వానికొరకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జేడు మన మరకతము గాదు. తెలుపు, లేతయాకుపచ్చ, గోధుమవన్నె మొదలగు రంగులలో దొరకు నీ రాయిపై ఉక్కుకత్తితో గీసినను గీత పడదు. లోపలి నారలు పెనవేసికొని యుండుటచే సుత్తిదెబ్బకును సులభముగా బగులదు. కావున చీనాశిల్పులు దీనిని చెక్కలేదు, అరగదీసిరి. జేడుకంటె గట్టిదగు ఇసుకను నీటితో గలిపి, త్రాటిని ముందువెనుకలకు లాగుచు గోసిరి. గొట్టమువంటి పనిముట్టును కవ్వమువలె ద్రిప్పి తొలిచిరి. కోసినది త్రాడు గాదు, ఇసుక. మనవారు రత్నములకు సానబట్టుటయు నిట్టిదే గదా!

హాంగ్‌చౌ నగరసమీపమున ఫాన్షాన్ అనుచోట 1986లో త్రవ్విన సమాధులలో, లియాంగ్‌జూ నాగరికతకు జెందిన యొక జేడువస్తువు దొరకినది. వెలుపల చదరము, లోపల గుండ్రని రంధ్రము. ఎత్తు 9 సెంటీమీటర్లకు లోపు, బరువు 6.5 కిలోలు. దానిపై నొకే బొమ్మ 8 మారులు గలదు: ఈకలకిరీటము దాల్చిన మనుష్యుడు, వాని క్రింద గుండ్రని పెద్దకన్నుల మృగము. బొమ్మ యెత్తు సుమారు 3 సెంటీమీటర్లే. అందులో వ్రేళ్లు సైతము వేర్వేరుగా గానవచ్చును! ఆ జనులు లోహము నెరుగరు. గట్టి రాతిమొనలతో గీసియుందురని పండితుల యూహ. పలకమీది గీత తప్పినచో దుడిచివేయుదుము. జేడునందు అరిగినది మరల రాదు.

తరువాత షాంగ్ రాజుల కాలమున నీ పని విస్తరించెను. 1976లో అన్యాంగ్‌లో త్రవ్విన ఫూహావ్ రాణి సమాధిలో 755 జేడువస్తువులు లభించినవి. 1978లో త్రవ్విన జెంగ్‌ప్రభువగు యీ సమాధి క్రీ.పూ. 433 ప్రాంతమునాటిది. అందలి యాభరణ మొకటి 5 రాతిముక్కలనుండి తీసిన 16 భాగములుగలది. నిండ సర్పములు, పక్షులు. అతుకులేని గొలుసుకడియములును దానియందు గలవు.

మాకు మాత్రము ధాన్యపుపని మిక్కిలి ప్రియము. గుండ్రని బిళ్లపై వరుసలుగా చిన్న చిన్న బుడిపెలు, ఒక్కొక్కదానికి మొలకవంటి వంపుతోక. బుడిపె పైకి లేచుటకు దానిచుట్టునున్న రాయి యంతయు నరుగవలెను. ఒక్క గింజకై యెన్ని దినములు పట్టెనో! ఫూహావ్ పేరు కంచుపాత్రలపై వ్రాసియున్నందున మనకు దెలిసినది. సానబట్టినవాని పేరు ఎచ్చటను లేదు.

పైన జెప్పిన బాలుడు ఇంటికేగి, పురికొసతోను తడియిసుకతోను బలపపురాతిముక్కను గోయ బూనెను. నాలుగు దినములైన పిమ్మట దానిని మాకు దెచ్చి చూపెను. పురికొస మూడుమారులు తెగినదట. గాడి గోరంత లోతైనది. బలపపురాయి గోటితో గీసినను గీత పడునంత మెత్తనిది.