ఫార్వర్డ్ కంటే ముందు హూఈజ్ కొట్టండి

పెద్దపల్లి జిల్లాలో ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్ల చూపంతా మూడు గేట్ల మీదే. గోదావరిఖనిలో సింగరేణి, రామగుండంలో ఎన్టీపీసీ, అక్కడే ఎరువుల ఫ్యాక్టరీ. అందుకే ‘సింగరేణిలో కొలువులు, ఫీజు కట్టి అప్లై చేసుకోండి’ అన్న లింకు వాట్సాప్‌లో పడగానే ముందు నలుగురికి పంపిస్తాం, ఆనక నిజమేనా అని అడుగుతాం. ఈ వరస తిరగేయండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, అందులో హూఈజ్, డిగ్ అనే కమాండ్లు పెట్టుకోండి. విండోస్ కంప్యూటర్లో అయితే ఎన్ఎస్ లుకప్ ముందే ఉంటుంది. హూఈజ్ అని కొట్టి, పక్కన సైటు పేరు ఇవ్వండి. యజమాని వివరాలు చాలావరకు కనబడనివ్వరు, వాటికోసం తంటాలు పడొద్దు. ‘క్రియేషన్ డేట్’ అన్న లైను చూడండి. 1920 నుంచి ఉన్న కంపెనీ పేరు చెప్పుకునే సైటు పోయిన వారం పుట్టిందంటే ఇంకేం కావాలి?

ప్రభుత్వ సైటు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉంటుందన్న చిట్కా అందరికీ తెలుసు. పెద్దపల్లి జిల్లా సైటుకు అది సరిపోతుంది. సింగరేణి దగ్గర పనికిరాదు. దాని అసలు సైటు ఎస్‌సీసీఎల్‌మైన్స్ డాట్ కామ్. ఎన్టీపీసీది డాట్ కో డాట్ ఇన్. పైగా సైటు పేరును కుడివైపు నుంచి చదవాలి. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన సైటు పేర్ల వ్యవస్థ, డీఎన్ఎస్, నడిచే తీరే అది. డిగ్‌కు ‘ప్లస్ ట్రేస్’ తగిలిస్తే ముందు రూట్ సర్వర్లను, తర్వాత ‘ఇన్’ సర్వర్లను, ఆ తర్వాత ‘గవ్’ వాళ్లను అడుగుతూ పోవడం తెరమీద కనిపిస్తుంది. ‘గవ్ డాట్ ఇన్’ తర్వాత మళ్లీ ‘డాట్ ఏదో డాట్ కామ్’ ఉంటే, అది ఆ ఏదోగాడి సైటే.

ఈ పనిముట్లలో నాకు బాగా నచ్చేది వాటి నిజాయితీ. పేరే లేకపోతే ‘ఎన్ఎక్స్ డొమైన్’ అంటాయి. ఆరా తీయడం కుదరకపోతే ‘సర్వ్ ఫెయిల్’ అనో ‘టైమౌట్’ అనో అంటాయి. లేదనడం వేరు, నాకు తెలియలేదనడం వేరు. మనమేమో ఆఫీసు కౌంటర్ దాకా పోకుండానే ‘సర్టిఫికెట్ ఇంకా రాలేదట’ అని ఇంట్లో తేల్చేస్తాం. ఎన్ఎస్ లుకప్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. దాచిపెట్టుకున్న జవాబు ఇచ్చేటప్పుడు ‘నాన్ ఆథరిటేటివ్ ఆన్సర్’ అని పైనే రాస్తుంది. అసలు సర్వర్ చెప్పింది కాదు, విన్నది చెబుతున్నా అని అర్థం. ఆ దాచిన జవాబుకు టీటీఎల్ అని గడువు కూడా ఉంటుంది, సెకన్లలో. 300 అంటే ఐదు నిమిషాలు. మన గ్రూపుల్లో గడువు ఎక్కడిది? రెండేళ్ల కిందటి నోటిఫికేషన్ ఇవాళ కూడా తాజాగానే తిరుగుతుంటుంది. రేపటి నుంచి ఎవరికేం చెప్పినా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కలిపి చెప్పండి. ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదనండి.

ఒక జాగ్రత్త. పాత తేదీ ఉన్నంత మాత్రాన సైటు మంచిదని కాదు, పాత డొమైన్లను కొనుక్కునేవాళ్లూ ఉంటారు. బ్రౌజర్లో తాళం గుర్తు కూడా పూచీ కాదు. అసలు సైటు పేరు మీరే టైప్ చేసి, నోటిఫికేషన్ అక్కడుందా చూడండి. లేకుంటే, గ్రూపులో లింకు పెట్టిన పిల్లగాడిని తిట్టకుండా స్క్రీన్‌షాట్ పెట్టి చెప్పండి: ‘ఈ సైటు పోయిన వారమే రిజిస్టరైంది తమ్మీ, పైసలు కట్టకు.’ అప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయించండి.