పేరు లేని వేదన

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా స్త్రీలు లక్షలాదిగా కర్మాగారాలలో పనిచేశారు. 1945లో యుద్ధం ముగిసి సైనికులు తిరిగిరాగానే వారిలో అనేకులు ఆ కొలువులను కోల్పోయారు. గృహిణీత్వమే స్త్రీ జీవిత పరమార్థమని పత్రికలు, వ్యాపార ప్రకటనలు బోధించాయి. నగర శివార్లలో కొత్త ఇల్లు, అందులో బట్టలుతికే యంత్రం అమరినా, చదివిన చదువుకు పని లేకపోయింది. ఎందరో గృహిణులు ఆ వెలితిని తమ లోపంగానే భావించి కుమిలిపోయారు.

1957లో బెట్టీ ఫ్రీడన్ స్మిత్ కళాశాలలోని తన సహాధ్యాయినులను ప్రశ్నించగా, అది ఒక్కరి బాధ కాదని తేలింది. 1963లో ‘ది ఫెమినిన్ మిస్టిక్’ గ్రంథం ద్వారా ఆమె ఆ మౌనాన్ని ఛేదించారు. అయితే ఇతరుల ఇండ్లలో పనిచేసి బ్రతికే నల్లజాతి స్త్రీల గోడు అందులో వినిపించదని 1984లో బెల్ హుక్స్ విమర్శించారు. స్త్రీ విముక్తి అందరి గడపలకూ చేరాలన్నదే ఆ విమర్శ సారం.